తలుపు ఎత్తులో ఒక ప్రోగ్రాం

ఆ మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు కెనడాలో, విన్నిపెగ్‌లోని మా ల్యాబ్‌లో ఉన్నవాళ్లు ముగ్గురు. మా టీముకు పెద్ద, విజయనగరం ఆవిడ, అరవై మూడేళ్ల సుభద్ర గారు. రెండు గంటలు డ్రైవ్ చేసుకుని ఉత్తరం నుంచి వచ్చిన కోళ్ల రైతు డోరిస్. మూడో మనిషిని నేను. ఉన్న వస్తువులు: కోడిగుడ్ల అట్టపెట్టెలో పాత పేపరు చుట్టి తెచ్చిన సర్క్యూట్ బోర్డు ఒకటి, షాపుల్లో బిల్లు మిషనులో పెట్టే సన్న కాగితపు చుట్ట ఒకటి, ఉక్కు స్కేలు, కత్తెర, టేపు, నేను సంతకం పెట్టిన పన్నెండు పేజీల రిపోర్టు, మైనస్ ఇరవై ఐదు దాకా చల్లబడే చిన్న ఫ్రీజరు, అందులో సుభద్ర గారి కరివేపాకు, ఒక తలుపు.

తలుపును ఈ జాబితాలో ఎందుకు చేర్చానో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

ఈ పని ఏమిటి

నాకు ముప్పై ఆరేళ్లు. రిటైరయ్యానని చెప్పుకోవడానికి ఇది వయసు కాదు. అయినా పదకొండేళ్లు చేసిన పనిని వదిలేసి ఇప్పుడు టొరంటో శివారు స్కార్‌బరోలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను కాబట్టి, ఆ పని వరకు నేను రిటైరైనట్టే. విద్యార్థులు నన్ను జీతం గురించి, ఇంటర్వ్యూల గురించి, శాశ్వత నివాసానికి కావలసిన పీఆర్ పాయింట్ల గురించి అడుగుతారు. వాటి గురించి నాకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. ఆ ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తామో మాత్రం ఎవరూ అడగరు. అదే ఇక్కడ రాస్తున్నాను.

మేం తెర లేని యంత్రాలకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. కోళ్ల షెడ్డులో గాలి ఆడించే ఫ్యాన్లను నడిపే పెట్టె మాది. బయట ఎంత చలి, లోపల ఎంత తేమ అని చూసి ఏ ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో అది నిర్ణయిస్తుంది. లోపలి చిప్ వేలిగోరంత. మెమరీ చాలా కొద్ది.

ప్రోగ్రాం అంటే ఫంక్షన్లు. ఒక ఫంక్షన్ ఇంకొక దాన్ని పిలుస్తుంది, అది మరొకదాన్ని. పిలిచిన ప్రతిసారీ ఆ ఫంక్షన్ తన లెక్కలు పెట్టుకోవడానికి కొంత చోటు తీసుకుంటుంది. పని అయ్యాక ఖాళీ చేసి వెళ్తుంది. ఈ చోటును స్టాక్ అంటారు. పైనుంచి కిందికి పెరుగుతుంది. మా చిప్‌లో దానికి కేటాయించింది 2,048 బైట్లు. అది చాలకపోతే ఎవరూ అరవరు. హెచ్చరిక రాదు. దాని కింద ఏముందో దాని మీద రాసేసి ప్రోగ్రాం ముందుకు పోతుంది.

ఏ ఫంక్షన్‌కు ఎన్ని బైట్లు కావాలో కొలవడం నా పని. రెండు మార్గాలున్నాయి. ఒకటి, ప్రోగ్రాంను చిప్ భాషలోకి మార్చే కంపైలరే ప్రతి ఫంక్షన్ పక్కన ఒక అంకె రాసి ఇస్తుంది. రెండోది, మేం రంగు వేయడం అనేవాళ్లం. స్టాక్ మొత్తాన్నీ ముందుగా ఒకే గుర్తుతో నింపేసి, యంత్రాన్ని కొన్ని రోజులు నడిపి, ఆ గుర్తు ఎంత లోతు దాకా చెరిగిందో చూడటం. నది వంతెన స్తంభం మీద వరద మరకలాంటిది అది.

మొదటి బాసు

కొలవడం మీద నాకు మొదట్లో గౌరవం లేదు. టొరంటోలో నా మొదటి బాసు మంచివాడు, నన్ను నమ్మి పనిలోకి తీసుకున్నవాడు. మెమరీ లెక్క చూపిస్తే చేత్తో తోసేసేవాడు. "చాలకపోతే పెద్ద చిప్ వేద్దాం, నువ్వు ఫీచర్ల సంగతి చూడు" అనేవాడు. ఆయన చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనను. చాలాసార్లు పెద్ద చిప్ వేస్తే సరిపోతుంది. కాకపోతే ఆయన దగ్గర మూడేళ్లు పనిచేసి నేను నేర్చుకున్నది, ఒక అంకెను కింద దాకా చదవకుండానే రిపోర్టులో పెట్టడం. ఆ అలవాటు విన్నిపెగ్ దాకా నాతో వచ్చింది.

సుభద్ర గారి టీములో చేరిన ఎనిమిదో నెలలో కోళ్ల షెడ్డు పెట్టె స్టాక్‌ను కొలిచే పని నాకిచ్చారు. రంగు వేశాను. మూడు వారాలు ల్యాబ్‌లో రాత్రింబవళ్లు నడిపాను. సెన్సరును ఫ్రీజర్లో కరివేపాకు పక్కన పెట్టి మైనస్ ఇరవై ఐదు దాకా చల్లబరిచాను. రంగు చెరిగింది 1,388 బైట్ల దాకా. ఇంకా 660 మిగిలాయి. రిపోర్టు రాసి, చివరి పేజీలో సంతకం పెట్టాను. కంపైలర్ ఇచ్చిన జాబితా కూడా చూశాను. అన్నిటికన్నా పెద్ద ఫంక్షన్ 668 బైట్లు. రెండు వేలల్లో ఆరువందలేగా అనుకున్నాను.

సుభద్ర గారు ఆ వారం సెలవులో ఉన్నారు. పెట్టెలు మార్కెట్లోకి వెళ్లిపోయాయి.

ఏడు ఆగాయి, రెండు ఆగలేదు

డోరిస్ షెడ్డులో తొమ్మిది వేల కోళ్లు, తొమ్మిది ఫ్యాన్లు. జనవరిలో ఒక ఉదయం ఆమె వెళ్లేసరికి ఏడు ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. చలికాలంలో తలుపులన్నీ మూసి ఉంటాయి కాబట్టి గాలి ఆడకపోతే తేమ, కోడిపెంట ఘాటు లోపలే నిలిచిపోతాయి. ఆ రోజు రెండు వందల పైచిలుకు కోళ్లు పోయాయి. పెట్టె కరెంటు తీసి మళ్లీ పెడితే ఫ్యాన్లన్నీ తిరిగాయి. మేం కొత్త బోర్డు పంపించాం. ఫిబ్రవరిలో అదీ అలాగే చేసింది. ఈసారి ఆమె అక్కడే ఉండబట్టి ఏమీ పోలేదు.

మా సర్వీసు వాళ్లు వైరింగ్ లోపమని తేల్చారు. డోరిస్ ఒప్పుకోలేదు. బోర్డు ఊడదీసి, గుడ్ల పెట్టెలో పెట్టుకుని, స్వయంగా తీసుకొచ్చింది.

"కొత్త బోర్డు కోసం రాలేదు నేను," అంది కుర్చీలో కూర్చుంటూనే. మా మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే. "కొత్తది ఒకటి ఇచ్చారుగా, అదీ చచ్చింది. గురువారం తెల్లారేసరికి మైనస్ నలభై రెండట. మా ఆయనకు తుంటి ఆపరేషనై మంచం మీదున్నాడు. షెడ్డుకు కాపలా నేనొక్కదాన్నే. గురువారంలోగా మీరు తేల్చకపోతే ఈ పెట్టె పీకేసి మా నాన్న కాలం నాటి స్విచ్చులు పెట్టుకుంటా."

సుభద్ర గారు ఆమెకు టీ ఇచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "ఆగినవి ఏవి?"

"మూడు నుంచి తొమ్మిది. ఒకటీ రెండూ తిరుగుతూనే ఉన్నాయి. రెండుసార్లూ అంతే."

సుభద్ర గారు నా రిపోర్టు తీసి చివరి పేజీ చూశారు. తర్వాత నావైపు తిరిగి తెలుగులో అన్నారు. "ఏటయ్యా, ఈ వెయ్యిన్నీ మూడువందల ఎనభై ఎనిమిది ఎక్కడ కొలిచావు?"

"ఇక్కడే మేడం. ఈ ల్యాబ్‌లో."

"హీటరు పక్కన కూర్చొనా?"

"ఫ్రీజర్లో కూడా పెట్టాను మేడం. మైనస్ ఇరవై ఐదు."

"అంటే నా కరివేపాకు తట్టుకునే చలిదాకా."

ఏం జరుగుతోందని డోరిస్ అడిగింది. "మా అబ్బాయి మీ ఊరికి ఎప్పుడూ రాలేదని చెబుతున్నాను," అన్నారు సుభద్ర గారు ఇంగ్లీషులో.

కాగితం

ఆవిడ పద్ధతి నేను అంతకుముందు వినడమే గాని చూడలేదు. బైటుకు ఒక మిల్లీమీటరు. ప్రతి ఫంక్షన్‌కు దాని అంకె ఎంతో అంత పొడవు కాగితం కత్తిరించి, మీద పేరు రాస్తారు. ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో ఆ వరుసలో ఒకదాని కింద ఒకటి అతికించి, తలుపు చట్రం పై అంచు నుంచి వేలాడదీస్తారు. మా ల్యాబ్ తలుపు చట్రం పై అంచు నుంచి నేల దాకా సరిగ్గా 2,048 మిల్లీమీటర్లు.

"అంత సరిగ్గా ఎలా కుదిరింది మేడం?" అని అడిగాను.

"కుదరలేదు. పదహారు మిల్లీమీటర్లు తగ్గింది. కార్పెట్టు పీకించాను."

కంప్యూటర్లో కూడితే రాదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఆవిడ కత్తెర నా చేతికిచ్చి, "కూడు. నేను వద్దన్నానా? కూడుతూ కత్తిరించు," అన్నారు.

కత్తిరించాను. మొదట ఎప్పుడూ నడుస్తుండే ప్రధాన ఫంక్షన్, 64. ఫ్యాన్లను నడిపేది, 148. ఉష్ణోగ్రత చదివేది, 96. చదివిన అంకె నమ్మదగిందా అని చూసేది, 112. ఈ నాలుగూ కలిపి వేలాడదీస్తే 420 మిల్లీమీటర్లు. తలుపులో అయిదో వంతు. నాకు ధైర్యం వచ్చింది.

సుభద్ర గారు కంపైలర్ జాబితాలో ఒక వరుస మీద పెన్సిలు పెట్టారు. "ఈ అలారం ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తారు?"

ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో నా టూల్ బాణాలతో గీసిన బొమ్మలో చూశాను. దానివైపు ఒక్క బాణమూ లేదు. "ఎవరూ పిలవట్లేదు మేడం."

"ఎవరూ పిలవకపోతే ప్రోగ్రాంలో ఎందుకుంది? భోజనానికొచ్చిందా?"

వెతికితే దొరికింది. దాన్ని పేరుపెట్టి పిలవరు. దాని చిరునామా ఒక పట్టికలో ఉంటుంది, అది చూసి పిలుస్తారు. అందుకే టూల్‌కు కనపడలేదు. దాన్ని పిలిచేది నాలుగో ఫంక్షనే, చదివిన అంకెను అనుమానించేది. ఎప్పుడు అనుమానిస్తుంది? బయటి ఉష్ణోగ్రత మైనస్ నలభై కన్నా తక్కువ వచ్చినప్పుడు. అంత తక్కువ వస్తే సెన్సరు తీగ తెగిందని అర్థం, అలారం కొట్టు. ఆ వాక్యం రాసింది ఎవరా అని చూశాను. నేనే.

విన్నిపెగ్‌లో కూర్చుని, కిటికీ అవతల మంచు పెళ్లలు చూస్తూ, మైనస్ నలభై కన్నా తక్కువంటే తీగ తెగినట్టే అని రాశాను. మా ఊళ్లో చదువుకున్న పుస్తకంలో ఉన్న హద్దును అలాగే దించేశాను.

డోరిస్‌కు చెప్పాను.  "మా దగ్గర మైనస్ నలభై అంటే జనవరి," అంది. 

అలారం, 232. దాని కింద జరిగినదాన్ని రాసిపెట్టే లాగ్ ఫంక్షన్, 340. అలారం సందేశంలో ఉష్ణోగ్రతను దశాంశంతో రాయించాను. మామూలు సందేశాల్లో దశాంశాలు లేవు, అందుకే ల్యాబ్‌లో ఈ దారి ఎన్నడూ నడవలేదు. ఆ దశాంశాన్ని అక్షరాలుగా మార్చే ఫంక్షన్ పేరు జాబితాలో అన్నిటికన్నా పైన ఉంది, 668. అతికిస్తుంటే కాగితం నా మోకాళ్లు దాటింది. 1,660.

"ఇంకా 388 ఉన్నాయి మేడం," అన్నాను. స్టూలు మీద నిలబడి ఉన్నాను. నా గొంతులో ఆశ ఆవిడకు వినబడే ఉంటుంది.

"సరిగ్గా అప్పుడే రేడియో సందేశం వస్తే?"

పెట్టెకు బయటి నుంచి ఆదేశాలు రేడియో ద్వారా వస్తాయి. అలాంటి సందేశం వస్తే చిప్ చేస్తున్న పని మధ్యలో ఆపి దాన్ని అందుకుంటుంది. ఆ ఆపడానికి కూడా చోటు కావాలి. అదీ ఈ స్టాక్‌లోనే. ఆ చోటు 416. అలారం, రేడియో ఒకే క్షణంలో రావడం అరుదు. అరుదు కాబట్టే రెండు నెలల్లో రెండేసార్లు జరిగింది.

చివరి ముక్క అతికించి వదిలాను. కాగితం నేలను తాకి, కొస మడతపడింది.

సుభద్ర గారు కింద కూర్చుని ఉక్కు స్కేలు పెట్టి మడతపడిన ముక్కను కొలిచారు. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు. లేవకుండానే నన్ను అడిగారు. "స్టాక్ కింద మెమరీలో ఏముంది?"

మెమరీలో ఏది ఎక్కడుందో చూపే మ్యాపు తెరిచాను. "ఫ్యాన్ల వేగాల పట్టిక. ఒక్కో ఫ్యానుకు నాలుగు బైట్లు. కింద ఒకటో ఫ్యాను, పైన తొమ్మిదోది."

అంటే స్టాక్ పైనుంచి దిగితే మొదట చెరిగేది తొమ్మిదోది. తర్వాత ఎనిమిది, ఏడు. ఇరవై ఎనిమిదిని నాలుగుతో భాగించాను. నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, డోరిస్ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటోంది. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు, నాలుగు, మూడు.

ఆమె ఆగింది. మేమందరం ఆ కాగితం కొస వైపే చూస్తున్నాం.

అప్పటిదాకా నాకు ప్రోగ్రాం అంటే తెరమీద అక్షరాలు. రెండు గంటల దూరంలో ఒక షెడ్డులో ఏడు ఫ్యాన్లు ఆగి, రెండు ఆగకపోవడానికి కారణం ఇక్కడ నేల మీద బొటనవేలంత కాగితంలో ఉంది. ఏ తీగా తెగలేదు, ఏదీ కాలిపోలేదు. ఇంత చిన్న చిప్‌లో సెకనుకు వేలసార్లు ఫంక్షన్లు వచ్చి, చోటు తీసుకుని, ఖాళీ చేసి వెళ్తుంటాయి. ప్రతిదానికీ ఎంత చోటో కంపైలర్ ఎప్పుడో రాసి ఇచ్చేసింది. నిజం మొత్తం మొదటి రోజు నుంచీ నా టేబుల్ మీదే ఉంది. ఆ తర్వాత ఏడేళ్లలో చాలా పరికరాలు చూశాను గాని, ఒళ్లు అలా గగుర్పొడవడం మాత్రం మళ్లీ జరగలేదు.

సుభద్ర గారు ఆ ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు కత్తిరించి, నా రిపోర్టు చివరి పేజీలో సంతకం కింద టేపుతో అతికించారు. తిట్టలేదు.

డోరిస్‌ను అడగడం

మరమ్మతు చిన్నదే. దశాంశం తీసేసి, ఉష్ణోగ్రతను పదితో హెచ్చవేసి పూర్ణాంకంగా రాస్తే చాలు. 668 కావలసిన పని 180తో అయిపోతుంది. కొత్త మొత్తం 1,588. కాగితం మళ్లీ కత్తిరించి వేలాడదీస్తే నేలకు మోకాలెత్తున ఆగింది.

"హద్దు కూడా మారుస్తాను మేడం. మైనస్ యాభై ఐదు పెడతాను. అప్పుడు అలారం రానే రాదు."

"మార్చకు."

"ఎందుకు మేడం?"

"అలారం రాకపోతే ప్రోగ్రాం ఆ దారిలో నడవదు. నడవకపోతే మన లెక్క తప్పో ఒప్పో ఎప్పటికీ తెలీదు. పోయినసారి నువ్వు చేసింది అదే కదా. నడవని దారిని కొలిచానని రాశావు. గురువారం దాటాక మార్చు."

"కానీ మేడం, కోళ్లు..."

"అవును. కోళ్లు ఆవిడవి. ఆవిడనే అడుగుదాం."

ఇంగ్లీషులో మొత్తం చెప్పారు. ఏమీ దాచలేదు. లెక్క ప్రకారం ఫ్యాన్లు ఆగవని, లెక్క ఒకసారి తప్పిందని, ఇష్టం లేకపోతే హద్దు మార్చి ఇప్పుడే పంపిస్తామని. డోరిస్ టీ కప్పు తిప్పుతూ విన్నది.

"నేను స్విచ్చు మీద చెయ్యి వేసుకుని నిలబడతా," అంది చివరికి. "ఈ అబ్బాయి వచ్చి నా పక్కన నిలబడాలి. సంతకం ఇతనిదేగా?"

గురువారం

మార్చిన ప్రోగ్రాం ఎక్కించిన బోర్డును డోరిస్ మంగళవారమే తీసుకెళ్లి బిగించుకుంది. నేను ఆమె షెడ్డుకు వెళ్లేసరికి సూర్యుడు అప్పుడే పైకి వచ్చాడు. గాలిలో మంచు రవ్వలు మెరుస్తున్నాయి. సూర్యుడికి అటూ ఇటూ రెండు వెలుగు మచ్చలు, మొత్తం మూడు సూర్యుళ్లున్నట్టు. కారు దిగి ఒక్కసారి ఊపిరి పీల్చేసరికి ముక్కు లోపల వెంట్రుకలు గడ్డకట్టాయి. షెడ్డు గోడ మీది థర్మామీటరు మైనస్ నలభై ఒకటి చూపిస్తోంది.

లోపల వెచ్చగా, ఘాటుగా ఉంది. అన్ని వేల కోళ్లు ఒకేసారి గొణుగుతుంటే వర్షం దూరం నుంచి వస్తున్నట్టుంది. డోరిస్ గోడ దగ్గర పాత స్విచ్చు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది.

"అలారం కొడుతూనే ఉంది, నిమిషానికోసారి," అంది. "తీగ తెగిందంటోంది నీ పెట్టె."

"తెగలేదండీ."

"తెలుసు. నిన్ననే చూశా."

ల్యాప్‌టాప్ నుంచి రేడియో సందేశాలు ఎడతెరపి లేకుండా పంపడం మొదలుపెట్టాను. అలారం, రేడియో ఒకే క్షణంలో కలవాలంటే అదే మార్గం. అరగంట గడిచింది. గంట. డోరిస్ చెయ్యి తీయలేదు. మధ్యలో ఒక్కసారి, "నీకు కాఫీ కావాలా?" అంది గాని కదల్లేదు. నేనూ అడగలేదు.

గంటా ఇరవై నిమిషాలకు రంగు ఎంత చెరిగిందో చదివాను. సుభద్ర గారికి ఫోన్ చేశాను.

"ఎంత?" అన్నారు.

"వెయ్యిన్నీ అయిదువందల ఎనభై నాలుగు మేడం."

"కాగితం?"

"ఎనభై ఎనిమిది."

 నాలుగు బైట్ల తేడా. అలారం, రేడియో ఆ గంటలో ఎక్కడో కలిశాయి. ప్రోగ్రాం ఆ లోతు దాకా దిగి, ఏమీ చెరపకుండా తిరిగి పైకి వచ్చింది. మా ఇద్దరిలో ఎవరమూ దాన్ని చూడలేదు. తలుపుకు వేలాడిన కాగితం రెండు రోజుల ముందే చెప్పింది.

"ఆ అంకె సరే," అన్నారు సుభద్ర గారు. "ఫ్యాన్లు చూశావా? కళ్లతో?"

చూడలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ప్రతి ఫ్యాను కింద ఆగి, తల ఎత్తి, ముఖానికి గాలి తగిలేదాకా నిలబడ్డాను. వెనక్కి వచ్చేసరికి డోరిస్ స్విచ్చు మీద చెయ్యి తీసేసి, వేళ్లు ఆడించుకుంటోంది.

తిరుగుతున్నవి తొమ్మిది.